వేప గింజ వానల కోసం ఆగదు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వేప నారు పెంచే చోట ఏటా ఒకటే మాట వినబడుతుంది: గింజలు వేశాం, మొలవలేదు. ఒకరు ఎండ ఎక్కువైందంటారు, ఒకరు మట్టి సరిలేదంటారు, ఇంకొకరు నీళ్లు పోసేవాడి మీద పెడతారు. చాలాసార్లు అసలు కారణం వీటిలో ఏదీ కాదు. నారు పెంచే మట్టి సంచిలో పెట్టేనాటికే ఆ గింజ చచ్చిపోయి ఉంటుంది. పైకి తెలియదు. పెంకు గట్టిగా, శుభ్రంగా, నిన్ననే రాలినట్టు ఉంటుంది. లోపలి పప్పుకు ప్రాణం పోయి వారాలు గడిచి ఉంటాయి.

వేప పండు రాలే కాలానికీ మన వానల కాలానికీ మధ్య మూడు నెలల ఎడం ఉంది. ఉగాది పచ్చడిలో వేసుకున్న పువ్వు కాయ కట్టి, పండయ్యేసరికి జూన్ వస్తుంది. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల్లో, అంటే జూన్ చివరి వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా, చెట్టు కింద పండు పరుచుకుంటుంది. నైరుతి వానలు బాగా పడే జిల్లాల్లో అప్పటికే నేల తడిసి ఉంటుంది కాబట్టి రాలిన గింజ రాలినచోటే మొలుస్తుంది. మనకు ఆ భాగ్యం తక్కువ. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వచ్చేదే. ప్రకాశంలో రెండు కాలాలూ ఇంచుమించు సమంగా పంచుకుంటాయి గానీ, కనిగిరి, మార్కాపురం వైపు జూలైలో జానెడు లోతు తడిసే వాన పడితే ఆ ఏడు గొప్పే. అందుకని రైతులూ, పంచాయతీ నర్సరీలవాళ్లూ 'వానలు రానీ, అప్పుడు వేద్దాం' అని గింజను గోనెలో కట్టి మూల పెడతారు. హస్త, చిత్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు చివరా అక్టోబరులోనూ, మూట విప్పుతారు. ఆ మూటలో అప్పటికి మిగిలేది నూనె తీసుకోవడానికి పనికొచ్చే సరుకు. విత్తనం కాదు.

గింజలన్నీ ఒక తీరు కావు. తుమ్మ, సుబాబుల్, తంగేడు గింజల పైపొర నీటిని లోపలికి రానివ్వదు. అవి ఎండిపోయి కూడా ఏళ్ల తరబడి నిద్రలో బతుకుతాయి. పనస, నేరేడు గింజలు దీనికి సరిగ్గా ఎదురు. తడి ఆరితే కొద్ది రోజుల్లోనే చస్తాయి. వేప ఈ రెండింటికీ నడిమధ్యన ఉంటుంది. కొంత ఆరబెడితే తట్టుకుంటుంది, ఎక్కువకాలం మాత్రం ఉండలేదు. దానికి నిద్ర లేదు. పండు పసుపు తిరిగిన రోజు నుంచే మొలవడానికి సిద్ధంగా ఉంటుంది. పప్పు నిండా నూనె కాబట్టి వేడి గాలికి త్వరగా పాడవుతుంది. కొత్త గింజను వెంటనే వేస్తే నూటికి 75 నుంచి 90 దాకా మొలుస్తాయి. మామూలు గదిలో ఉంచితే రెండు మూడు వారాలకే తగ్గడం మొదలవుతుంది. మూడు నెలలు దాటిన మూటలో నూటికి పది మొలవడం కూడా చాలాసార్లు కష్టమే.

ఇక కొనే గింజ సంగతి. వేప గింజకు గిరాకీ అంతా నూనె కోసమే. 2015లో కేంద్రం దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ వేప నూనె పూత తప్పనిసరి చేసింది. ఊళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఏరి అమ్మే గింజ ఆ దారినే పోతుంది. ఆ వ్యాపారానికి గింజ ఎండాలి, తూకంలో తడి ఉండకూడదు, బూజు పట్టకూడదు. అందుకే తారు రోడ్డు మీదో, సిమెంటు కళ్లంలోనో పరిచి ఎండబెడతారు. జూన్ నెల మధ్యాహ్నం ఆ రోడ్డు మీద మనం అరిపాదం మోపలేం. అక్కడ మూడు రోజులు పడి ఉన్న పప్పు బతకాలనుకోవడం అత్యాశ. ఏరినవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు, వాళ్లు నూనె గింజగానే ఏరారు, నూనె గింజగానే అమ్మారు. అదే కొట్టులో అదే బస్తా తూకం వేయించుకుని నర్సరీలో విత్తనంగా వాడటమే తప్పు. నారు పెంచాలనుకునేవాళ్లు గింజ కొనకూడదు, పండు కొనాలి. ఏరేవాళ్లతో ముందే మాట్లాడుకుని, పండిన పండు ఏ రోజుకారోజు తెచ్చిస్తే గింజ ధర కంటే నాలుగు రూపాయలు ఎక్కువిస్తామంటే తప్పక తెస్తారు.

పండులోనూ తేడాలున్నాయి. ఆకుపచ్చగా ఉన్న కాయలో పప్పు ఇంకా ముదరదు. పసుపు రంగు తిరిగి, నొక్కితే గింజ జారి బయటికి వచ్చే పండు సరైనది. నేల మీద రెండు మూడు రోజులు పడి గోధుమరంగుకు మారినదాన్ని చీమలు, బూజు అప్పటికే పట్టుకుని ఉంటాయి. ఉత్తమమైన పని ఏమిటంటే చెట్టు కింద పట్టా పరిచి, పొద్దున్నే కొమ్మలు కదిపి, ఆ పూట రాలిన పండే తీసుకోవడం. ఒక్క చెట్టునే పట్టుకోకుండా దూరదూరంగా ఉన్న పది చెట్ల నుంచైనా తెస్తే నారులో ఒకటి రెండు రకాలు దెబ్బతిన్నా మిగతావి నిలబడతాయి.

చెట్టును ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త మరీ ముఖ్యం. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేప చెట్లు చిగుళ్ల దగ్గర నుంచి కిందికి ఎండుకుంటూ రావడం అందరూ చూసినదే. ఆ ఎండుతెగులును కలిగించే శిలీంధ్రం గింజలోకి కూడా చేరుతుంది. చిటారు కొమ్మలు ఎండి, కింద మాత్రమే పచ్చగా ఉన్న చెట్టు నుంచి పండు తీయవద్దు. తీస్తే తెగులును కూడా సంచుల్లో నాటుకున్నట్టే.

తెచ్చిన పండును ఆ రోజే, మరీ కాదంటే మర్నాటికల్లా గుజ్జు తీసేయాలి. నర్సరీల్లో ఎక్కువ గింజలు పాడయ్యేది ఇక్కడే. పండ్లు కుప్పగా పోసి రెండు రోజులు వదిలేస్తే గుజ్జులోని తీపి పులుస్తుంది, కుప్ప వేడెక్కుతుంది. లోపల చెయ్యి పెడితే ఆవిరి తగులుతుంది. ఆ వేడికి పప్పు ఉడికినంత పనవుతుంది. పైగా గుజ్జు అంటుకుని ఉన్నంతసేపూ అది మొలకను అడ్డుకుంటుంది, బూజును పెంచుతుంది. కాకులూ గబ్బిలాలూ గుజ్జు తిని ఉమ్మిన గింజ కంచెల వెంట ఎంత బాగా మొలుస్తుందో గమనించినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ పని మనం చేతులతో చేయాలి. పండ్లను రెండు మూడు గంటలు నీళ్లలో నానబెట్టి, ముతక ఇసుక కలిపి గోనె మీద రుద్దితే తోలు, గుజ్జు ఊడిపోతాయి. తర్వాత మూడు నాలుగు సార్లు, చేతికి జిగట తగలనంతవరకు కడగాలి. చివరి నీళ్లలో తేలిన గింజలు తాలు. అవి పారేసి మునిగినవి ఉంచుకోవాలి.

కడిగిన గింజను ఆ రోజే సంచుల్లో పెట్టగలిగితే ఆరబెట్టాల్సిన పనే లేదు. దానికి మించిన పద్ధతి లేదు. వీలుకాకపోతే నీడలో, గాలి ఆడే చోట, గోనె మీద ఒక్క పొరగా పరిచి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. పూటకొకసారి తిరగేయాలి. డాబా మీద వద్దు, రేకుల షెడ్డు కింద కూడా వద్దు, ఆ రేకు కింద వేడి బయటి ఎండకు ఏమీ తీసిపోదు.

పది పదిహేను రోజులు నిలవ ఉంచక తప్పకపోతే పల్చటి గుడ్డ సంచిలో సగం దాకా పోసి నీడలో వేలాడదీయాలి. ఈ గింజ ఊపిరి తీస్తూనే ఉంటుంది. పాలిథిన్ కవరులో మూతి బిగించి కడితే గాలి అందక, దాని చెమటకే తడిసి కుళ్లిపోతుంది. మట్టికుండలో చెమ్మగా ఉన్న ఇసుకతో కలిపి, మూతికి గుడ్డ కట్టి ఉంచే పద్ధతి కూడా మంచిదే గానీ రోజూ చూసుకోవాలి, వాటిలో కొన్ని కుండలోనే మొలక వేరు బయటపెడతాయి. అలా వచ్చినవాటిని వేరు విరగకుండా వెంటనే సంచిలోకి మార్చుకోవచ్చు. చల్లగా ఉంటుంది కదా అని కొందరు ఇంట్లో ఫ్రిజ్‌లో పెడతారు. వేప ఉష్ణదేశపు చెట్టు. తేమ నూటికి పది పాళ్లకు మించి ఉన్న గింజను పది డిగ్రీల కంటే తక్కువ చలిలో ఉంచితే పప్పులోని కణాలు దెబ్బతింటాయి. నీడన ఆరిన మామూలు గింజలో తేమ సాధారణంగా ఆ మాత్రం ఉంటుంది, ఇంటి ఫ్రిజ్‌ చలి నాలుగైదు డిగ్రీలే.

మొలుస్తుందో లేదో ముందే తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. మూటలో పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కలిపి 50 గింజలు తీయండి. పెంకు పగలగొట్టి పప్పును బ్లేడుతో నిలువుగా కోయండి. లోపల ఆకుపచ్చగా, గట్టిగా ఉంటే బతికి ఉన్నట్టు. పసుపుకు తిరిగితే అనుమానం. గోధుమరంగుకు మారి, కనరు వాసన వస్తే చచ్చినట్టే. యాభైలో ముప్ఫై అయినా పచ్చగా లేకపోతే ఆ మూట మీద సంచులు, మట్టి, కూలి ఖర్చు పెట్టవద్దు. గింజ కొనే అధికారులు ఈ ఐదు నిమిషాల పరీక్ష కొట్టు దగ్గరే చేయిస్తే ఎన్ని బస్తాలు వెనక్కి పోతాయో వాళ్లకే తెలుస్తుంది.

విత్తే ముందు చేసే శుద్ధిలోనూ పొరపాటు జరుగుతోంది. ప్రకాశంలో సుబాబుల్ సాగు ఎక్కువ కాబట్టి, ఆ గింజను వేడి నీళ్లలో ముంచి తీయడం నర్సరీ పనివాళ్లందరికీ అలవాటు. అక్కడ అది సరైన పనే, గట్టి పైపొర మెత్తబడి నీరు చొరబడుతుంది. అదే పని వేపకు చేస్తే మిగిలిన ప్రాణమూ పోతుంది. ఎర్రచందనం కాయకు చేసినట్టు రోజుల తరబడి పేడనీళ్లలో ఉంచడమూ దీనికి పడదు. వేప పెంకు నీటిని ఆపేంత గట్టిది కాదు. కొత్త గింజకు ఏ శుద్ధీ అవసరం లేదు. నీడన ఆరినదైతే ఒక్క రాత్రి మంచినీళ్లలో నానబెడితే చాలు, 24 గంటలు దాటనివ్వకూడదు, గాలి అందక పప్పు మురుగుతుంది. మరీ ఎండిపోయిన గింజ అయితే ఇంకో చిక్కుంది. దాన్ని ఒక్కసారిగా చల్లటి నీళ్లలో వేస్తే నీరు విసురుగా లోపలికి పోయి పప్పులోని సన్నని పొరలు చిట్లుతాయి. అలాంటిదాన్ని ముందు చెమ్మ గోనెలో ఒకరోజు చుట్టి ఉంచి, తర్వాత 35 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో నానబెడితే బతికున్నవైనా దక్కుతాయి.

సంచుల్లోకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఏటి ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. పచ్చిపేడ కలిస్తే అది మాగే వేడికి మొలక వేరు మాడుతుంది. నల్లరేగడి ఎక్కువగా కలిస్తే నీళ్లు పోసిన ప్రతిసారీ పైన పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. తీర మండలాల్లో సముద్రం ఒడ్డు ఇసుక చేతికందుతోంది కదా అని వాడవద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉండి సంచి పైన తెల్లటి పొర కడుతున్న చోట కూడా మొలక తగ్గుతుంది. ఉప్పు నీటిని గింజ పీల్చుకోలేదు. మొలిచేదాకా ఆ రెండు మూడు వారాలైనా చెరువు నీళ్లో, ట్యాంకరు నీళ్లో వాడుకోవడం మేలు.

గింజను అడ్డంగా పడుకోబెట్టి ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర సెంటీమీటరు లోతున పెట్టాలి. వేప మొలిచేటప్పుడు పప్పు రెండు బద్దలూ నేల పైకి లేస్తాయి. వేలు మొత్తం గుచ్చి అడుగున పడేస్తే ఆ బరువును ఎత్తుకుని పైకి రాలేక మొలక లోపలే కుళ్లుతుంది. ఈ లోతు విషయం కూలీలకు ఒకటికి రెండుసార్లు చూపించి చెప్పాలి. సంచికి రెండు గింజల చొప్పున పెట్టండి. కిలోకు సుమారు 4,000 గింజలు తూగుతాయి కాబట్టి వెయ్యి సంచులకు అరకిలో, తాలు పోను ముప్పాతిక కిలో చాలు. ఇంత కొద్ది గింజ కోసం బస్తా ధర బేరమాడుతూ కూర్చోవడం ఎందుకో అర్థం కాదు. రెండూ మొలిస్తే ఒకటి పీకి ఖాళీ సంచిలో పెట్టుకోవచ్చు.

జూలై ఎండకు నల్ల సంచి పొయ్యి మీద పెట్టినట్టు కాలుతుంది. కాబట్టి సగం ఎండ ఆపే నీడవల గానీ, తాటాకు పందిరి గానీ ఉండి తీరాలి. పైన పల్చగా వరిగడ్డి పరిచి, సన్నటి జల్లు పడే డబ్బాతో పొద్దునా సాయంత్రం తడపాలి. పైపుతో పోస్తే గింజ పైకి తేలుతుంది. చెమ్మ ఉండాలి, నీళ్లు నిలవకూడదు. వారం నుంచి రెండు వారాల్లో మొలకలు కనబడతాయి, ఆలస్యమైనవి మూడో వారంలో. కనబడగానే గడ్డి తీసేయాలి, లేకపోతే కాడలు తెల్లగా సాగి పడిపోతాయి. మూడు వారాలు దాటాక కూడా లేవని సంచిని తవ్వి చూడండి. పెంకు లోపల ఖాళీగా ఉంటే చీమలు పప్పు తినేసినట్టు, గింజే మాయమైతే ఉడతలూ ఎలుకలూ పనిచేసినట్టు, పప్పు నల్లబడి మెత్తగా ఉంటే నీళ్లు ఎక్కువైనట్టు. నాలుగు ఆకులు వచ్చాక మొదలు సన్నబడి పక్కకు వాలిపోతుంటే అది నారుకుళ్లు. ముందు నీళ్లు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి.

పునర్వసులో పెట్టిన గింజ చిత్త, స్వాతి కార్తెల నాటికి మూడు నెలల మొక్క, జానెడుకు పైబడిన ఎత్తు. నాటడానికి అది చాలు. వేప తల్లివేరు త్వరగా దిగుతుంది. సంచులు కదపకుండా ఉంచితే అడుగు చీల్చుకుని నేలలో పాతుకుంటుంది, తీసేరోజు పుటుక్కున తెగుతుంది. నెలకొకసారి సంచుల చోటు మారిస్తే ఆ వేరు కొస తెగి, పక్కవేర్లు ఎక్కువగా వస్తాయి. సెప్టెంబరులో నీడ కొద్దికొద్దిగా తీసేసి ఎండకు అలవాటు చేయాలి. గుంతలు 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతున ఆ నెలలోనే తవ్వి పెట్టుకుంటే ఈశాన్య వానల మొదటి తడికి నాటేయొచ్చు. నీళ్లు నిలిచే పల్లపు రేగడిలో వేప బతకదు. తుఫాను వానకు నాలుగు రోజులు మునిగే చోటు ఎంచుకోవద్దు.

ఇది ఊళ్లోని రైతుకు పెద్ద కష్టం కాదు. కష్టమల్లా ప్రభుత్వ లెక్కలతోనే. దేశమంతటితో పాటు మనమూ జూలై మొదటి వారంలో వనమహోత్సవం పేరుతో మొక్కలు నాటుతున్నాం. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో ఆ నెలలో నాటిన మొక్కకు అక్టోబరు దాకా బిందెలతో నీళ్లు పోసేవాళ్లు ఎవరు? మన జిల్లాల వరకు జూలైని గింజ వేసే పండగగా, అక్టోబరు ఆఖరును మొక్క నాటే పండగగా మార్చమని అటవీ శాఖనూ, జిల్లా యంత్రాంగాలనూ కోరుతున్నాం. నర్సరీలకు సంచులు, మట్టి, నీడవల డబ్బు మే నెలలో విడుదల కావాలి. పండు రాలాక మంజూరయ్యే డబ్బుతో చచ్చిన గింజలే కొనగలం. గింజ కొనుగోలు కాగితాల్లో ధరతో పాటు పండు రాలిన తేదీ, కోసి చూసినప్పుడు ఎన్ని పచ్చగా ఉన్నాయన్న లెక్క కూడా రాయించాలి.

మీకూ ఒక మనవి. వేప నారు గురించి మీ వ్యవసాయ పేజీలో వేయదలచుకుంటే దయచేసి జూన్ రెండో వారంలో వేయండి. అప్పటికి పండు ఇంకా కొమ్మల మీదే ఉంటుంది.

ఇట్లు,
వేప నారు పెంచే నర్సరీ రైతులు,
వింజమూరు మండలం, నెల్లూరు జిల్లా.